యూనిట్ 9: సంస్థల సర్వర్లకు కెర్నల్ ఎంపిక – భద్రత, స్థిరత్వం

9.0 ఉద్దేశాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు కెర్నల్ చేసే పని ఏమిటో వివరించగలగాలి. ఒక సంస్థ సర్వర్‌కు కెర్నల్‌ను ఎంచుకునేటప్పుడు ఏయే ప్రశ్నలు వేసుకోవాలో చెప్పగలగాలి. వెర్షన్ సంఖ్యను మాత్రమే చూసి ఒక కెర్నల్ మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పకూడదన్న విషయాన్ని ఉదాహరణలతో సమర్థించగలగాలి.

9.1 పరిచయం

"సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి." ఈ మాట వినని వారు మనలో ఉండరు. రేషన్ డిపోలోనో, మీసేవ కేంద్రంలోనో, బ్యాంకు కౌంటరు దగ్గరో ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. పట్నంలో ఉన్నవారికి ఆ మాట వల్ల కలిగే నష్టం మరొకసారి తిరగడమే. రాజవొమ్మంగి మండలంలో కొండమీది పల్లె నుంచి వచ్చిన మనిషి సంగతి వేరు. కాలిబాటన దిగి, ఆటో దొరికే చోటికి చేరి, మండల కేంద్రానికి వచ్చేసరికి ఆ రోజు కూలి పోయినట్లే. తెచ్చిన చింతపండు మూట మళ్ళీ మోసుకుని కొండెక్కడం కష్టం కనుక, అక్కడే ఉన్న దళారి చెప్పిన ధరకు ఇచ్చేసి వెళ్ళవలసి వస్తుంది. అంటే సర్వర్ ఆగిన గంట ఖరీదును ఆ గంటలో జరగని లావాదేవీల సంఖ్యతో మాత్రమే కొలవడానికి వీలులేదు.

ఈ యూనిట్ అంతటా మనం ఒక ఊహాత్మక సంఘాన్ని ఉదాహరణగా తీసుకుందాం. రాజవొమ్మంగిలో చింతపండు, అడ్డాకు, కొండచీపుళ్ళు, తేనె వంటి అటవీ ఫలసాయాన్ని సభ్యుల దగ్గర కొనే ఒక సహకార సంఘం ఉందనుకోండి. (ఏజెన్సీ ప్రాంతంలో ఇటువంటి కొనుగోళ్ళు కొత్తవి కావు, విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది. మన సంఘం మాత్రం పాఠం కోసం కల్పించుకున్నది.) సంఘం ఆఫీసులో ఒక చిన్న సర్వర్, విశాఖపట్నంలో ఒక పెద్ద సర్వర్ ఉన్నాయి. సభ్యుల పేర్లు, ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, తూకం లెక్కలు, చెల్లింపులు అన్నీ వాటిలోనే. సంత రోజున ఆ సర్వర్ ఆగకూడదు. ఇది స్థిరత్వం. ఆ లెక్కలను ఎవరూ దొంగిలించకూడదు, మార్చకూడదు. ఇది భద్రత. ఈ రెండింటికీ అడుగున ఉన్నది కెర్నల్.

9.2 కెర్నల్ చేసే పని

కంప్యూటర్ ఆన్ చేసిన కొద్దిసేపటికే మెమరీలోకి వచ్చి, ఆఫ్ చేసేవరకు అక్కడే ఉండే ప్రోగ్రాము కెర్నల్. ఏ ప్రోగ్రాముకు ప్రాసెసర్‌పై ఎంత సమయం ఇవ్వాలి, ఎవరికి ఎంత మెమరీ కేటాయించాలి, డిస్కులోని ఏ ఫైలును ఎవరు తెరవవచ్చు, నెట్‌వర్క్ కార్డుకు వచ్చిన సమాచారాన్ని ఎవరికి అందించాలి అనేవన్నీ అది నిర్ణయిస్తుంది. డేటాబేసు గాని, వెబ్ సర్వర్ గాని డిస్కును నేరుగా ముట్టుకోలేవు. "ఈ ఫైలు చదివి ఇవ్వు" అని కెర్నల్‌ను అడగాలి. ఈ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు.

ఏజెన్సీ రోడ్లమీద అటవీశాఖ చెక్‌పోస్టులను మీరు చూసే ఉంటారు. పర్మిట్ చూపనిదే కలప లారీ గేటు దాటదు. కెర్నల్ కూడా అటువంటి గేటే. అయితే ఈ పోలికను మరీ దూరం తీసుకుపోకూడదు. చెక్‌పోస్టులో ఎవరైనా తప్పు చేస్తే అడగడానికి పై అధికారి ఉంటాడు. మామూలు సర్వర్‌లో కెర్నల్ పైన ఎవరూ ఉండరు. (వర్చువల్ యంత్రాలలో హైపర్‌వైజర్ ఉంటుంది, అది వేరే చర్చ.)

ప్రాసెసర్ రెండు స్థాయులలో పనిచేస్తుంది. సాధారణ ప్రోగ్రాములు యూజర్ మోడ్‌లో నడుస్తాయి. వాటిలో ఒకటి తప్పు చేసి తనది కాని మెమరీని ముట్టుకుంటే కెర్నల్ దానిని ఆపివేస్తుంది, మిగిలినవి నడుస్తూనే ఉంటాయి. కెర్నల్ మాత్రం కెర్నల్ మోడ్‌లో, యంత్రంపై సర్వాధికారాలతో నడుస్తుంది. అక్కడే తప్పు జరిగితే ఆపేవారు లేరు, యంత్రమంతా నిలిచిపోతుంది. లినక్స్‌లో దీనిని కెర్నల్ పానిక్ అంటారు. విండోస్‌లో కనిపించే నీలితెర ఇదే. దాడి చేసేవాడికి కెర్నల్‌లో చిన్న సందు దొరికితే ఆ సర్వాధికారాలన్నీ అతని చేతిలోకి పోతాయి.

కనుక కెర్నల్ మోడ్‌లో నడిచే కోడ్ ఎంత తక్కువ ఉంటే అంత మంచిదన్నది సిద్ధాంతరీత్యా కాదనలేని మాట. మైక్రోకెర్నల్ వాదులు చెప్పేది ఇదే: డ్రైవర్లను, ఫైల్ వ్యవస్థను బయటపెట్టి, అత్యవసరమైనవి మాత్రమే లోపల ఉంచాలి. 1992 జనవరిలో ఈ విషయంపై ఆండ్రూ టానెన్‌బామ్, లైనస్ టోర్వాల్డ్స్ మధ్య జరిగిన వాదన నేటికీ పాఠ్యపుస్తకాలలో ప్రస్తావనకు వస్తూనే ఉంది. ఎస్ఈఎల్4 అనే మైక్రోకెర్నల్ దాదాపు 8,700 పంక్తుల సీ కోడ్ మాత్రమే. అది తన నిర్దేశాల ప్రకారమే నడుస్తుందని 2009లో గణితపద్ధతిలో నిరూపించారు. లినక్స్ డ్రైవర్లతో కలిపి మూడు కోట్ల పంక్తులు దాటింది. అయినా సంస్థల సర్వర్లలో మీకు ఎదురయ్యేది లినక్స్, లేదా విండోస్. అక్కడక్కడ ఫ్రీబీఎస్‌డీ, ఏఐఎక్స్ వంటి యూనిక్స్ రకాలు. డేటాబేసులు, అకౌంటింగ్ ప్యాకేజీలు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు, నేర్చిన మనుషులు అన్నీ వాటి చుట్టూనే ఉన్నాయి. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్‌తోనే నడుస్తున్నాయి. సిద్ధాంతం ఒక వైపు ఉంటే బజారు మరొక వైపు ఉందన్నమాట. మన ఎంపిక బజారులో దొరికే వాటినుంచే.

9.3 రెండు సంఘటనలు

2017 మే 12న వాన్నాక్రై అనే బలవంతపు వసూళ్ళ వైరస్ ప్రపంచమంతటా వ్యాపించింది. ఫైళ్ళను తాళం వేసి, డబ్బు చెల్లిస్తేనే తెరుస్తామనే రకం ఇది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడ్డాయని అప్పట్లో పత్రికలలో వచ్చింది. ఆ వైరస్ వాడుకున్న లోపం విండోస్‌లో ఫైళ్ళు పంచుకునే ఎస్ఎంబీ సేవలో ఉంది. ఆ సేవను నడిపే డ్రైవర్ కెర్నల్ మోడ్‌లో ఉంటుంది. కాబట్టి వినియోగదారుడు ఏ లంకెనూ నొక్కకుండానే, నెట్‌వర్క్ ద్వారా నేరుగా సర్వాధికారాలు చిక్కాయి.

ఇక్కడ గమనించవలసిన తేదీ మరొకటి ఉంది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ సవరణను 2017 మార్చి 14ననే విడుదల చేసింది. అంటే దాడికి 59 రోజుల ముందే మందు వచ్చింది. వాడినవారు బతికారు, వాడనివారు చిక్కారు. మద్దతు ఎప్పుడో 2014 ఏప్రిల్‌లో ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి దాడి మొదలైన తరువాత ప్రత్యేకంగా సవరణ ఇవ్వవలసి వచ్చింది గాని, ఎక్కువమంది బాధితులు వాడినది విండోస్ 7. దానికి మద్దతు అప్పటికింకా ఉంది! లోపం కెర్నల్ ఎంపికలో కంటే, సవరణను యంత్రందాకా చేర్చకపోవడంలో ఎక్కువ ఉంది.

రాజవొమ్మంగి పేరు వినగానే చరిత్ర విద్యార్థికి 1922 ఆగస్టు గుర్తుకువస్తుంది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: అల్లూరి సీతారామరాజు దళం మూడు రోజులలో మూడు పోలీసు ఠాణాలపై పడి ఆయుధాలు తీసుకుపోయింది. ఆ పోరాటం న్యాయమైనది, దానిని వైరస్‌తో పోల్చడం నా ఉద్దేశం కాదు. ఠాణాల వైపు నుంచి మాత్రం ఒకసారి చూడండి. మూడింటిలోనూ ఒకే రకం కాపలా. ఒకచోట పనిచేసిన ఎత్తు రెండో చోట, మూడో చోట పనిచేసింది. ఒకే కెర్నల్, ఒకే లోపంతో వందల సర్వర్లు నడుపుతున్న సంస్థ పరిస్థితి అదే. అక్కడ వ్యవధి మూడు రోజులు, వాన్నాక్రైలో 59 రోజులు. ఇప్పుడు కొన్ని లోపాలకు సవరణ వెలువడిన గంటలలోనే దాడులు మొదలవుతున్నాయి.

ఇక రెండో సంఘటన. 2024 జులై 19 ఉదయం, మన కాలమానం ప్రకారం 9 గంటల 39 నిమిషాలకు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న సమాచార ఫైలును పంపింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం విండోస్ కెర్నల్ లోపల నడుస్తుంది. కొత్త ఫైలు 21వ విలువను చూడమంది, ప్రోగ్రాముకు అందినవి 20 విలువలే. లేని 21వ దానికోసం తనది కాని మెమరీలోకి చూసేసరికి కెర్నల్ కుప్పకూలింది. 78 నిమిషాలలో ఫైలును వెనక్కి తీసుకున్నారు గాని, అప్పటికే దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ పడిపోవడమే. చాలాచోట్ల మనిషి యంత్రం దగ్గరికి వెళ్ళి, సేఫ్ మోడ్‌లో ఆ ఫైలును తొలగించవలసి వచ్చింది. ఆ రోజు హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడికి చేతితో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది.

వాన్నాక్రై నుంచి "వచ్చిన సవరణను వెంటనే వేయండి" అని నేర్చుకున్నవారికి క్రౌడ్‌స్ట్రైక్ "వచ్చినదల్లా అందరూ ఒకేసారి వేయకండి" అని చెప్పింది. రెండూ నిజమే. సర్వర్ నిర్వాహకుడి ఉద్యోగమంతా ఈ రెంటి మధ్య జరిగే రాజీయే అనవచ్చు. "అది విండోస్ కాబట్టి అలా జరిగింది, లినక్స్ అయితే జరగదు" అనే జవాబు పరీక్షలో రాయకండి. అదే సంస్థ సాఫ్ట్‌వేర్ వల్ల అదే సంవత్సరం కొన్ని లినక్స్ సర్వర్లలోనూ కెర్నల్ పానిక్‌లు వచ్చాయి. కెర్నల్ ఎవరిదైనా, దాని లోపలికి బయటివాడి కోడ్‌ను రానిస్తే దాని స్థిరత్వం ఆ బయటివాడి స్థిరత్వమే.

9.4 కొత్తదా, పాతదా?

విద్యార్థులు తరచు అడిగే ప్రశ్న ఇది. కొత్త కెర్నల్‌లో పాత లోపాలు సరిచేసి ఉంటాయి కదా, కాబట్టి అదే భద్రమైనది అని కొందరు. పాతది పదేళ్ళుగా నలిగింది కాబట్టి అదే నమ్మకమైనది అని మరికొందరు. రెండు ఉదాహరణలు ఈ రెండు వాదాలనూ చిత్తు చేస్తాయి.

డర్టీ కౌ అనే లోపం 2007లో వచ్చిన 2.6.22 వెర్షన్ నుంచి లినక్స్‌లో ఉంది. 2016 అక్టోబరులో సరిచేశారు. తొమ్మిదేళ్ళు వేలమంది కళ్ళముందే ఉంది. సామాన్య వినియోగదారుడిగా లోపలికి వచ్చినవాడు దానితో రూట్ అధికారం పొందగలిగేవాడు. నలిగిన కెర్నల్ అంటే నమ్మదగిన కెర్నల్ కాదన్నమాట. దీనికి తలకిందులుగా, డర్టీ పైప్ అనే లోపం 2020 ఆగస్టులో వచ్చిన 5.8 వెర్షన్‌తో లోపలికి వచ్చింది, 2022 మార్చిలో బయటపడింది. 4.19 కెర్నల్ వాడే డెబియన్ 10ని అది ముట్టుకోలేదు. 5.10 కెర్నల్ వాడే డెబియన్ 11 దానికి చిక్కింది. ఇక్కడ పాతదే క్షేమంగా ఉంది.

అయితే సంస్థలకు లినక్స్ సరఫరా చేసేవారు ఏం చేస్తారు? వారు ఒక వెర్షన్‌ను ఎంచుకుని దానినే ఏళ్ళ తరబడి నిలబెడతారు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో 4.18, 9లో 5.14 కెర్నల్ ఉంటుంది. పై వెర్షన్లలో వచ్చిన భద్రతా సవరణలను మాత్రం వెనక్కి తెచ్చి ఈ పాత కెర్నల్‌కే అతుకుతారు. దీనిని బ్యాక్‌పోర్టింగ్ అంటారు. పెంకుటింట్లో వాన కారుతుంటే ఇల్లు పడగొట్టి డాబా వేయం; పగిలిన పెంకు తీసి కొత్త పెంకు పెడతాం. ఇల్లు అదే, వాసాలు అవే, కారడం మాత్రం ఆగింది. డేటాబేసు, డ్రైవర్లు, ఇతర ప్యాకేజీలు ఏ వాసాల మీద ఆనుకున్నాయో అవి కదలవు కనుక స్థిరత్వం చెడదు.

దీనివల్ల ఒక చిక్కు ఉంది. తనిఖీకి వచ్చినవారు యూనేమ్ ఆదేశం ఇచ్చి, 4.18 అనే సంఖ్య చూసి, "ఇది 2018 నాటి కెర్నల్, వెంటనే మార్చండి" అని నివేదిక రాస్తుంటారు. ఆ సంఖ్య తరువాత ఉండే పొడవైన విడుదల సంఖ్యనే చూడాలి. అదే ఎన్ని పెంకులు మార్చారో చెబుతుంది. ఒక ఫలానా లోపానికి సవరణ చేరిందా లేదా అన్నది సరఫరాదారు ప్రకటనలో వెతికి నిర్ధారించుకోవాలి.

అలాగే లోపాల సంఖ్యను లెక్కపెట్టి కెర్నళ్ళను పోల్చడం కూడా మోసపు లెక్కే. 2024 ఫిబ్రవరి నుంచి లినక్స్ కెర్నల్ బృందం తన లోపాలకు సీవీఈ సంఖ్యలను తానే ఇచ్చుకుంటోంది. భద్రతతో సంబంధం ఉండే అవకాశమున్న ప్రతి సవరణకూ ఒక సంఖ్య ఇవ్వడం వారి పద్ధతి. దాంతో సంఖ్యలు ఒక్కసారిగా వేలల్లోకి పెరిగాయి. కెర్నల్ ఒక్కసారిగా చెడిపోలేదు, లెక్క రాసే పద్ధతి మారింది.

9.5 మద్దతు అనే వాగ్దానం

పై చర్చను బట్టి నా అభిప్రాయం ఇది: కెర్నల్‌ను ఎంచుకోవడమంటే కోడ్‌ను ఎంచుకోవడం కంటే, ఆ కోడ్‌ను ఎవరు, ఎంతకాలం బాగుచేస్తారన్న వాగ్దానాన్ని ఎంచుకోవడం. లోపం లేని కెర్నల్ లేదు. లోపం బయటపడినప్పుడు సవరణ ఎన్ని రోజులలో వస్తుంది, ఎన్నేళ్ళపాటు వస్తుంది, వచ్చినదాన్ని మన ఊళ్ళో మన యంత్రానికి ఎక్కించే మనిషి ఉన్నాడా అన్నవే అసలు ప్రశ్నలు.

వాగ్దానాలు కూడా తప్పుతాయి. సెంటోస్ 8ను 2029 వరకు నిలబెడతారని నమ్మి ఎన్నో సంస్థలు దానిమీదికి మారాయి. 2020 డిసెంబరు 8న, దాని గడువు 2021 డిసెంబరు 31తోనే ముగుస్తుందని ప్రకటన వచ్చింది. ఎనిమిదేళ్ళ గడువు ఏడాదికి కుదించుకుపోయింది. ఆ ఖాళీని నింపడానికే 2021లో ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ పుట్టాయి. ఇక సెంటోస్ 7 సంగతి: అది వాడిన 3.10 కెర్నల్ మూలరూపం 2013 జూన్ 30న విడుదలయింది. సెంటోస్ 7 మద్దతు ముగిసింది 2024 జూన్ 30న. సరిగ్గా పదకొండేళ్ళు ఒకే పెంకుటిల్లు! ఆ తేదీ తరువాత కూడా దానిని ఇంటర్నెట్‌కు తెరిచి నడుపుతున్న సర్వర్లు ఉంటే, అవి వాన్నాక్రై నాటి ఎక్స్‌పీ యంత్రాల వరుసలోనే ఉన్నట్లు.

డబ్బు చెల్లించే ఒప్పందం ఉంటేనే వాగ్దానం గట్టిదని అనుకోనక్కరలేదు. డెబియన్ ఏ ఒక్క కంపెనీదీ కాదు. దాని స్థిర విడుదలలకు సవరణలు స్వచ్ఛంద బృందం ద్వారానే వస్తాయి. భారత ప్రభుత్వం 2015లో ప్రభుత్వ వ్యవస్థలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని విధాన ప్రకటన చేసింది. సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కు ఆధారం డెబియనే. ఒప్పందం వల్ల వచ్చే అసలు లాభం వేరు: అర్ధరాత్రి సర్వర్ ఆగితే ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉంటుంది, జవాబు చెప్పవలసిన బాధ్యత ఒకరికి ఉంటుంది. ఆ నంబరు అవసరమా కాదా అన్నది సంస్థలో ఉన్న మనుషుల నైపుణ్యాన్ని బట్టి ఉంటుంది.

9.6 ఆగకుండా నడిస్తే స్థిరమైనట్లేనా?

"మా సర్వర్ రెండేళ్ళుగా రీస్టార్ట్ చేయలేదు" అని గొప్పగా చెప్పుకునే నిర్వాహకులు ఉంటారు. ఆ మాటకు మరో అర్థం, రెండేళ్ళుగా కెర్నల్ సవరణ ఏదీ అమలులోకి రాలేదని. కొత్త కెర్నల్‌ను డిస్కులోకి ఎక్కించినా, రీస్టార్ట్ చేసేవరకు నడిచేది పాతదే. ఆగకుండానే కొన్ని సవరణలు అతికే లైవ్ ప్యాచింగ్ సౌకర్యం 2015లో వచ్చిన లినక్స్ 4.0 నుంచి మూల కెర్నల్‌లో ఉంది గాని, అన్ని సవరణలకూ అది పనికిరాదు.

ఆగకపోవడం ఒక్కోసారి తానే ప్రమాదమవుతుంది. కొన్ని పాత లినక్స్ కెర్నళ్ళలో సర్వర్ 208 రోజులు దాటి నడిస్తే కుప్పకూలే లోపం ఉండేది. కారణం చక్కని లెక్క. ప్రాసెసర్ గడియారం చూపే అంకెను నానోసెకన్లుగా మార్చేటప్పుడు కెర్నల్ దానిని 64 బిట్ల గడిలో గుణించేది. అందులో 10 బిట్లు గుణకానికి పోతే మిగిలేవి 54. రెండు యొక్క 54వ ఘాతం అన్ని నానోసెకన్లు అంటే దాదాపు 208 రోజుల 12 గంటలు. ఆ క్షణాన గడి నిండి పొంగిపోయి, కెర్నల్‌కు కాలం తప్పు తెలిసేది. ఒకే రోజు స్టార్ట్ చేసిన సర్వర్లు పది ఉంటే, పదీ ఇంచుమించు ఒకేసారి పడిపోయేవి. ప్రయోగశాలలో వారం రోజులు పరీక్షిస్తే ఇటువంటివి బయటపడవు.

కాబట్టి స్థిరత్వాన్ని కొలవవలసింది ఎంతకాలం ఆగలేదని కాదు. అనుకోకుండా ఎన్నిసార్లు ఆగింది, ఆగితే ఎంతసేపటికి లేచింది అని.

9.7 మన సంఘానికి ఏది?

ఇప్పుడు రాజవొమ్మంగి సంఘానికి తిరిగివద్దాం. మొదట చూడవలసింది కెర్నల్ కాదు, దానిమీద నడవవలసిన ప్రోగ్రాము. సంఘం లెక్కల ప్యాకేజీ విండోస్‌పైనే నడిచేదయితే చర్చ దాదాపు అక్కడితో ముగుస్తుంది. విండోస్ సర్వర్ 2022 తీసుకుంటే 2031 అక్టోబరు వరకు భద్రతా సవరణలు వస్తాయి. పాత ఎస్ఎంబీ సేవను మూసివేసి, ప్రతినెలా రెండవ మంగళవారం వచ్చే సవరణలను క్రమంగా వేసుకుంటే చాలు. లినక్స్ మంచిదని చదివి, ప్యాకేజీని బలవంతంగా మార్చి, ఆరు నెలలు లెక్కలు తారుమారు చేసుకున్న చోట్లను చూశాను. ప్యాకేజీ రెంటిమీదా నడిచేదయితేనే ఎంపిక అనే మాటకు అర్థం ఉంటుంది. అలాగే ఉందనుకుందాం.

విశాఖపట్నంలోని పెద్ద సర్వర్‌కు నేను రెడ్ హ్యాట్, సూసే లేదా ఉబుంటు దీర్ఘకాల విడుదలలో ఒకదానిని, మద్దతు ఒప్పందంతో తీసుకోమంటాను. అన్ని గ్రామాల లెక్కలూ అక్కడ ఉన్నాయి, ఫోన్ నంబరు ఖరీదు అక్కడ గిట్టుబాటవుతుంది. యంత్రం మరీ కొత్తదయితే దాని నెట్‌వర్క్ కార్డును, డిస్కు కంట్రోలరును పాత కెర్నల్ గుర్తించకపోవచ్చు. కొనకముందే సరఫరాదారు ఇచ్చే అనుకూల యంత్రాల జాబితాలో చూసుకోవాలి.

రాజవొమ్మంగి ఆఫీసులోని చిన్న సర్వర్ లెక్క వేరు. వానాకాలంలో కరెంటు చెప్పకుండా పోతుంది. నెట్ కూడా పోతుంది. చెడితే బాగుచేసే మనిషి కాకినాడ నుంచో విశాఖ నుంచో రావాలి. ఇక్కడ డెబియన్ స్థిర విడుదల గాని ఆల్మాలినక్స్ గాని సరిపోతుంది. అయితే కెర్నల్ పేరు కంటే దానిని అమర్చే తీరు ముఖ్యం. కరెంటు పోయినప్పుడు సగం రాసిన ఫైళ్ళు చెడకుండా జర్నల్ ఉన్న ఎక్స్4 లేదా ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ వ్యవస్థ ఉండాలి. జర్నల్ ఉంది కదా అని యూపీఎస్ మానేయకూడదు. జర్నల్ ఫైల్ వ్యవస్థ అమరికను కాపాడుతుంది, డిస్కుకు చేరని తూకం లెక్కను కాపాడదు. పానిక్ వస్తే నీలగకుండా కొద్ది సెకన్ల తరువాత తానే రీస్టార్ట్ అయ్యేలా కెర్నల్‌కు చెప్పవచ్చు. మామూలుగా అది ఎవరైనా వచ్చి స్విచ్ నొక్కేవరకు అలాగే నిలబడిపోతుంది. కొత్త కెర్నల్ వేసినప్పుడు పాతదాన్ని తీసివేయకుండా బూట్ జాబితాలో ఉంచాలి. కొత్తది లేవకపోతే ఆఫీసులో ఉన్న గుమాస్తాకు ఫోన్‌లో "పై నుంచి రెండో వరుస ఎంచుకుని ఎంటర్ కొట్టండి" అని చెప్పగలగాలి. ఆ ఒక్క వాక్యం కాకినాడ ప్రయాణాన్ని తప్పిస్తుంది.

సవరణలు వేసే క్రమం కూడా ముందే రాసుకోవాలి. ముందు ఒక పరీక్షా యంత్రం, రెండు మూడు రోజుల తరువాత రాజవొమ్మంగి, ఆపైన విశాఖ. సంత రోజున గాని దాని ముందు రోజున గాని ఏదీ వేయకూడదు. నెట్‌వర్క్ ద్వారా నేరుగా దాడికి వీలిచ్చే లోపమయితే మాత్రం ఈ క్రమాన్ని పక్కనపెట్టి, పరీక్ష కాగానే ఆ రాత్రే వేయాలి. ఏది అటువంటిదో తెలుసుకోవడానికి కేంద్ర ప్రభుత్వ సెర్ట్-ఇన్ ప్రకటనలను చూస్తుండాలి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగితే గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి.

చివరగా ఎస్ఈలినక్స్. అమెరికా జాతీయ భద్రతా ఏజెన్సీ 2000 డిసెంబరులో విడుదల చేసిన ఈ వ్యవస్థ 2003లో లినక్స్ కెర్నల్‌లో చేరింది. ఏ ప్రోగ్రాము ఏ ఫైళ్ళను ముట్టుకోవచ్చో విధానంలో రాసి ఉంటుంది. వెబ్ సర్వర్ ఒకరి చేతికి చిక్కినా, రూట్ అధికారంతో నడుస్తున్నా, సభ్యుల ఆధార్ ఫైలు దాని వరుసలో లేకపోతే తెరవలేదు. ఆల్మాలినక్స్‌లో ఇది మొదటినుంచీ పనిచేస్తూ ఉంటుంది. డెబియన్‌లో దాని బదులు ఆప్ఆర్మర్ ఉంటుంది. ఏదైనా ప్యాకేజీ పనిచేయకపోతే చాలామంది చేసే మొదటి పని ఎస్ఈలినక్స్‌ను ఆపివేయడం. ప్యాకేజీ లేస్తుంది, అందరూ సంతోషిస్తారు. దానిని మళ్ళీ ఆన్ చేసే రోజు ఎన్నడూ రాదు. ఆపకుండా హెచ్చరిక స్థితిలో పెట్టి, లాగ్‌లో ఏ అనుమతి కొరవడిందో చూసి, ఆ ఒక్క అనుమతినే ఇవ్వడానికి ఒక పూట పడుతుంది.

9.8 అభ్యాసం

మీ ఊరికి దగ్గరలోని ఏదైనా ఒక కార్యాలయంలో గాని, మీ అధ్యయన కేంద్రంలో గాని అనుమతి తీసుకుని సర్వర్ కెర్నల్ వెర్షన్, దాని పూర్తి విడుదల సంఖ్య, చివరిసారి రీస్టార్ట్ చేసిన తేదీ, సరఫరాదారు ప్రకటించిన మద్దతు ముగింపు తేదీ రాసుకోండి. ఈ నాలుగింటిని బట్టి ఆ సర్వర్‌కు నేడు ఉన్న ప్రమాదం స్థిరత్వం వైపా, భద్రత వైపా అన్నది ఒక పుటలో రాయండి. కార్యాలయం పేరు రాయవద్దు.

రాజవొమ్మంగి సంఘం చిన్న సర్వర్‌కు కెర్నల్ సవరణ వేశారు. రీస్టార్ట్ చేసేలోపు కరెంటు పోయింది, మరుసటి ఉదయం సంత. మీరు విశాఖలో ఉన్నారు, నెట్ లేదు, ఫోన్ మాత్రం కలుస్తోంది. గుమాస్తాకు ఏయే మాటలు, ఏ వరుసలో చెబుతారు?